రేడియేటర్లో సంకటి

నలుగురిలో నోరు విప్పడానికి రాంకోకి మొదటి అవకాశం ప్లోచ కొండ మీద, ఎక్కుడు సగంలో ఉండగా దొరికింది. కారు ముందు నుంచి ఆవిరి బుస్సున లేచి అద్దాన్ని కమ్మేసింది. స్టీరింగు దగ్గర మామగారు జివాదిన్, ఆయన పక్కన అత్తగారు దెసంక, వెనక సీట్లో రెండు ఎర్రమిరప బస్తాల మధ్య ఇరుక్కుని రాంకో. ఆ రోజు శనివారం, సంత. వెనక వస్తున్న ట్రాక్టర్లూ వ్యాన్లూ ఆగిపోయి హారన్లు మొదలుపెట్టాయి.

జివాదిన్ దిగి బానెట్ ఎత్తాడు. చెయ్యి కాల్చుకున్నాడు. ఆ చేతిని గాల్లో విదిలిస్తూ కింద కనబడుతున్న ఊరి వైపు తిరిగి అరిచాడు.

"విటోమిర్! నా కారు పీక నొక్కేశావు గదయ్యా!"

విటోమిర్ ఊరి మెకానిక్కు. పది రోజుల కిందటే ఈ కారుకి నీళ్ల పంపు మార్చాడు, బెల్టు మార్చాడు. అంతకంటే ముఖ్యం, ఆ ఇంటికి ఆయన కూమ్, అంటే దేవుడి ఎదుట కట్టుకున్న బంధువు; ఆ బంధంలో ఇరువైపులా ఒకరినొకరు కూమా అనే పిలుచుకుంటారు. జివాదిన్ కూతురు యాగొదకి జ్ఞానస్నానం చేయించినప్పుడు తొట్టిలోంచి ఎత్తుకున్నది ఆయనే. పాతికేళ్ల తర్వాత యాగొదకీ రాంకోకీ పెళ్లి జరిగినప్పుడు పక్కన సాక్షిగా నిలబడ్డదీ ఆయనే. అన్నదమ్ములతో దెబ్బలాడి మళ్లీ కలవొచ్చు. కూమ్‌తో తెగితే ఆ కుటుంబం ముఖం ఎవరూ చూడరు.

పంపులో ఏ తప్పూ లేదు. బెల్టులో లేదు, విటోమిర్‌లో అసలే లేదు. రేడియేటర్ నిండా మొక్కజొన్న సంకటి ఉంది. దాన్ని వండింది వెనక సీట్లో కూర్చున్న రాంకో. మాట గొంతు దాకా వచ్చింది. బస్తా సర్దుతున్నట్టు వంగి దాన్ని మింగేశాడు.

రాంకో ఇల్లరికపు అల్లుడు. ఆరేళ్లుగా అత్తారింట్లో ఉంటున్నాడు, బట్టల మిల్లులో పని చేసి తెచ్చిన జీతం అత్తగారి చేతికిస్తున్నాడు, అయినా ఊరి సారా కొట్టు కఫానాలో అడుగు పెడితే చాలు, "ఏమోయ్, ఇంటి తలుపు మీద ఎవరి పేరుంది?" అని ఎవడో ఒకడు అడగకుండా ఉండడు. ఇంట్లో మామగారు చెడ్డవాడేం కాదు. అల్లుడు భోజనానికి కూర్చునే దాకా ఆగుతాడు, పొగాకు పంచుకుంటాడు. కారు తాళం మాత్రం ఇవ్వడు. యాగొద పుట్టిన ఏడాది కొన్న కారు అది. దానికి పడుకోవడానికి గదుంది, కప్పుకోవడానికి దుప్పటి ఉంది. తాగడానికి వాన నీళ్లు పట్టి, గుడ్డలో వడగట్టి మరీ పోస్తాడు. ఊళ్లో కొందరు ముసలాళ్లకి జరగని సేవ.

పంపు మార్చిన మూడో రోజున జివాదిన్‌కి మోకాలు వాచింది. వాగు మీది మిల్లులో ఆడించిన పిండి తేవాలి. ఆరేళ్లలో మొదటిసారి తాళం రాంకో చేతిలో పెట్టి, "తారు రోడ్డు మీదే వెళ్లు, అల్లుడూ. వాగులోకి దింపావో, కాళ్లు విరగ్గొట్టి వాటితోనే పొయ్యి రాజేస్తా" అన్నాడు.

వెళ్లేటప్పుడు తారు రోడ్డు మీదే వెళ్లాడు. వచ్చేటప్పుడు నాలుగింటికి టీవీలో ఫుట్‌బాల్ ఉంది. వాగు అడ్డం పడితే అరగంట కలిసొస్తుంది. దింపాడు. నీళ్ల అడుగున రాయొకటి కారు పొట్టకి తగిలి ఠంగుమంది. గట్టెక్కాక వంగి చూస్తే రేడియేటర్ అడుగు నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. ముచ్చెమటలు పట్టాయి రాంకోకి. సైన్యంలో ఉన్నప్పుడు ఎవడో చెప్పిన మాట గుర్తొచ్చింది, కారే రేడియేటర్లో కోడిగుడ్డు కొట్టి పోస్తే చిల్లు మూసుకుంటుందని. గుడ్డు లేదు. వెనక యాభై కిలోల మొక్కజొన్న పిండి ఉంది.

గుప్పెడు పోశాడు. ఐదు నిమిషాల్లో కారడం ఆగింది. అక్కడితో ఊరుకుని ఉంటే బతికిపోయేవాడేమో. పని చేసిందన్న సంబరంలో, దారిలో మళ్లీ కారకూడదని ఇంకో మూడు గుప్పెళ్లు పోశాడు. మరిగే నీళ్లలో మొక్కజొన్న పిండి పోస్తే ఏమవుతుందో ఆ దేశంలో నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు. పొద్దున్నే అందరూ గిన్నెల్లో పెట్టుకుని తినేది అదే. సైన్యం నుంచి మెళకువ నేర్చుకొచ్చిన ఈ మహానుభావుడికి తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి మాట సిద్ధం చేసుకున్నాడు: "మావయ్యా, చిన్న పొరపాటు జరిగింది." జివాదిన్ కుంటుకుంటూ వచ్చి కారు చుట్టూ తిరిగాడు, బంపరు మీద అరచేత్తో నిమిరి చూశాడు, చక్రాల్లో బురద లేదని చూశాడు. వాగు నీళ్లు కడిగేస్తే బురదెక్కడుంటుంది? అప్పుడు అల్లుడి భుజం మీద చెయ్యేసి, "భేష్ రా, కొడుకా" అన్నాడు.

అల్లుడూ అనలేదు, కొడుకా అన్నాడు. తండ్రి మొహం ఎరగని రాంకోకి ఆ మాట కడుపులోకి వేడిగా దిగింది. సిద్ధం చేసుకున్న మాట ఇక బయటికి రాలేదు.

*

కొండ మీద నుంచి కారుని తాడు కట్టి విటోమిర్ షెడ్డుకి లాక్కొచ్చారు. విటోమిర్‌కి అరవై ఏడేళ్లు. చెవి మీద పెన్సిలు, తల మీద ఏ కాలంలోనైనా అదే టోపీ. కారుని చూడగానే ఆయన మొహంలో కంగారు కంటే సిగ్గు ఎక్కువ కనబడింది.

"పంపు నేనే వేశాను కూమా. తప్పంటూ ఉంటే నా పనిలోనే ఉండాలి" అన్నాడు.

"ఉంటుందా, ఉందా?" అన్నాడు జివాదిన్.

"చూస్తాను."

చూశాడు. బెల్టు బిగువు చూశాడు. వేడెక్కితే నీళ్లకి దారి తెరిచే థర్మోస్టాట్‌ని విప్పి, కాఫీ కాచుకునే గిన్నెలో వేసి మరిగించాడు. సరిగ్గానే తెరుచుకుంది. పంపు విప్పాడు, చూశాడు, బిగించాడు, నమ్మకం కుదరక మళ్లీ విప్పాడు. వంచిన నీళ్లు కాస్త చిక్కగా కనబడ్డాయి. అప్పటికే తన కళ్లనే అనుమానిస్తున్నాడు కాబట్టి అద్దాలు తుడుచుకుని ఊరుకున్నాడు. తను ముట్టుకున్న చోటల్లా పదిసార్లు వెతికాడు. ముట్టుకోని చోటు వైపు వెళ్లలేదు. నిజాయితీపరుడి గుడ్డితనం అలాగే ఉంటుంది.

బుధవారం కారు చర్చి గుమ్మం ముందు మళ్లీ ఉడికింది. పాదిరీ గారి నల్ల అంగీ మీద కూడా ఆవిరి పడింది. విటోమిర్ ఈసారి ఇంజన్ తల మొత్తం విప్పి, దాని కింది గ్యాస్కెట్ మార్చాడు. నాలుగు రోజుల పని. డబ్బు తీసుకోలేదు. పై వారం శనివారం ప్లోచ కొండ మీద, మొదటిసారి ఆగిన చోటికి బారెడు దూరంలో, మళ్లీ అదే ఆవిరి.

ఆ సాయంత్రం కఫానాలో జివాదిన్ నేరుగా విటోమిర్ బల్ల దగ్గరికి వెళ్లాడు. రాంకో పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రీ" అన్నాడు జివాదిన్.

కఫానాలో తలలన్నీ అటు తిరిగాయి. ముప్ఫై ఏళ్లుగా కూమా అని తప్ప పిలవని మనిషి మేస్త్రీ అన్నాడు.

"మేస్త్రీ, నీ చేతులు అయిపోయాయి. ఒప్పుకో. తప్పేం లేదు, వయసు. ఇదిగో, అందరూ చూడండి." విటోమిర్ గ్లాసు పట్టుకున్న చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకెత్తాడు. గ్లాసులో పళ్ల సారా రాకియా సన్నగా కదులుతోంది. "వణుకుతున్నాయా లేదా?"

"కూమా, నలుగురిలో వద్దు" అన్నాడు విటోమిర్ మెల్లగా.

"నా కారు నలుగురిలోనే ఉడికింది."

విటోమిర్ చెయ్యి విడిపించుకుని బల్ల కిందికి దించేశాడు. దొంగిలించిన వస్తువుని దాచినట్టు దాచాడు. అప్పుడు రాంకో లేచి నిలబడాలి. ఒక్క మాట చాలు. రాంకో తన గ్లాసెత్తి గడగడా తాగేశాడు. రాకియా గొంతు కాల్చింది, అదే నయమనిపించింది.

అవకాశాలు లెక్కపెట్టడం ఆ రోజుతో మానేశాడు.

రొట్టెల బట్టీ వ్యాను పక్క ఊరి మెకానిక్కు దగ్గరికి వెళ్లింది. తర్వాత పాదిరీ గారి కారు వెళ్లింది. విటోమిర్ రోజూ పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి, స్టూలు వేసుకుని, ఖాళీ నేల వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. యాగొద ఓ మధ్యాహ్నం ఆయనకి మిరపకాయల పచ్చడి ఇచ్చి వచ్చింది. వంటింట్లో గోడకి ఆనుకుని ఏడ్చింది.

"కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు రాంకో. నన్ను చూసి నవ్వాడు. 'ఒలికిపోతుందేమోనని తల్లీ' అన్నాడు. నాకు తెలిసి ఆయన చేతిలోంచి ఒక్క మేకు జారిపడలేదు ఎప్పుడూ."

"వయసొచ్చింది కదా" అన్నాడు రాంకో. అన్నాక తన గొంతు తనకే అసహ్యమేసింది.

"నాలుగు రోజుల్లో మన పండగ. రాడు. నాకు తెలుసు, రాడు."

అక్టోబరు చివర ఆ ఇంటి ఇలవేల్పు పెత్క తల్లి పండగ. ఇలవేల్పు పండక్కి ఎవరినీ పిలవరు. పిలవడం తప్పు. రావాల్సినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చినవాడు శత్రువైనా గుమ్మంలోంచి పొమ్మనకూడదు. కూమ్ రాలేదంటే మాత్రం తెగిపోయిందని ఊరంతటికీ ఆ పూటే తెలిసిపోతుంది.

"నువ్వు ఓసారి వెళ్లి రారాదూ? నువ్వంటే ఆయనకి ఇష్టం" అంది యాగొద.

*

పండగ ముందు రోజు మధ్యాహ్నం రాంకో వెళ్లాడు. కారు షెడ్డులోనే ఉంది. జివాదిన్ దాన్ని అక్కడ తోయించి, "బాగుచేస్తావో, తుక్కు కింద నరుకుతావో" అని వెళ్లిపోయాడట.

"వచ్చావా, కూమా" అన్నాడు విటోమిర్ స్టూలు మీద నుంచి లేస్తూ. "మంచి పని చేశావు. ఆ పదమూడు నంబరు పానా అందుకో. నా చేతుల్ని నేను నమ్మట్లేదు. నేను చెప్తాను, నువ్వు చెయ్యి."

ఇంజన్ స్టార్ట్ చేసి, వేడి చూపించే ముల్లు పైకెక్కే దాకా ఆగారు. ఆపాక విటోమిర్ కాసేపు కారు ముందు ఊరికే నిలబడ్డాడు.

"దీని మీద అరచెయ్యి పెట్టు. రేడియేటర్ మీద. పైన ఎలా ఉంది?"

"కాలిపోతోంది."

"కింద?"

"చల్లగా ఉంది."

"నడిమధ్య?"

రాంకో చెయ్యి జరిపాడు. ఎక్కడ పెట్టాలో, ఏం తగులుతుందో ముందే తెలుసు. "చల్లగానే ఉంది" అన్నాడు.

"పైన నిప్పు, మధ్యలో చలి. నీళ్లు దిగట్లేదు, మూసుకుపోయింది." విటోమిర్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "మూడు వారాలు పంపు చుట్టూ గానుగెద్దులా తిరిగాను కూమా. ఇక్కడ చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు. ఇది నేను ముట్టుకోలేదు కదా, ఇందులో తప్పుండదనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి!"

రేడియేటర్ విప్పి, బొక్కెన మీద తలకిందులుగా పెట్టి, కింది మూతిలోంచి గొట్టంతో నీళ్లు ఎదురు కొట్టారు. ముందు మురికి నీళ్లు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. విటోమిర్ దాన్ని రెండు చేతులా ఎత్తి కుదిపాడు. పచ్చటి ముద్ద ఒకటి తపుక్కున బొక్కెనలో పడింది. షెడ్డంతా పులిసిన కంపు నిండింది.

విటోమిర్ ముద్దని వేళ్ల మధ్య నలిపి చూశాడు, వాసన చూశాడు.

"సంకటి" అన్నాడు.

నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ల నీళ్లు వచ్చే దాకా నవ్వాడు. తర్వాత తడి చేతులు రెండూ ముందుకి చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా చేతులు కాదు" అన్నాడు. మళ్లీ, ఇంకా మెల్లగా, "నా చేతులు కాదు."

రాంకో నేల చూస్తున్నాడు. చంపేసినా ఆ క్షణంలో తలెత్తేవాడు కాదు.

విటోమిర్ రేడియేటర్‌ని తిప్పాడు. అడుగున గోరంత పగులు, దాని చుట్టూ ఎండిన పచ్చటి పెచ్చు. బొటనవేలితో గీకాడు. నవ్వు ఆగిపోయింది. మిల్లుకి ఎవరు వెళ్లారని అడగలేదు. ఆ ఇంట్లో జివాదిన్ కాక ఆ కారు నడిపినవాడు ఒక్కడే, ఒక్కసారే. ఆయన రేడియేటర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ ఎదురుచూశాడు. చెప్పే అవకాశం ఇచ్చాడు, ఎంతో మర్యాదగా.

రాంకో చెప్పలేదు. ముసలాయన చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"కూమా, మావయ్యకి చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"రాంకో..."

"సంకటి అల్లుడంటారు. బతికినన్నాళ్లూ అంటారు. రేపు నా పిల్లల్ని సంకటోడి పిల్లలంటారు. నీకు తెలుసు ఈ ఊరి నోరు."

"తెలుసు. నన్నేమంటున్నారో నీకు తెలుసా?"

రాంకో పట్టిన చొక్కా వదల్లేదు. అతని దగ్గర ఉన్నదల్లా భయమే, దానితోనే ఇంకో మాట అన్నాడు. "ఒట్టెయ్యి. యాగొద మీద ఒట్టెయ్యి."

విటోమిర్ తలెత్తి అతని కళ్లలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు రాంకో. "ఆ పిల్లని నీళ్లలోంచి ఎత్తింది ఈ చేతులతోనే. ఆ పిల్ల మీద అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను."

"సరే. యాగొద మీద ఒట్టు. నా నోట రాదు."

తర్వాత మూడు గంటలు పని చేశారు. విటోమిర్ గ్యాసు మంటతో టంకం కరిగించి రేడియేటర్ పై డబ్బా ఊడదీశాడు. సన్నటి ఉక్కు బద్దతో ఒక్కో గొట్టాన్నీ పొడిచి శుభ్రం చేశాడు. ముద్దలు రాలుతుంటే రాంకో వాటిని పోగుచేసి చెత్తలో వేశాడు. డబ్బా మళ్లీ అతికేటప్పుడు విటోమిర్ చేతుల వైపు రాంకో చూడకుండా ఉండలేకపోయాడు. మంట నీలంగా నిలబడింది, టంకం సన్నటి గీతలా పాకింది. ఆ చేతుల్లో రవ్వంత వణుకు లేదు.

*

పండగనాడు మధ్యాహ్నం. కొవ్వొత్తి వెలుగుతోంది, పండగ రొట్టె కోయడం అయిపోయింది, ముప్ఫై మంది బల్లల చుట్టూ సర్దుకున్నారు. కూమ్ కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని చూడనట్టు నటించడానికి అందరూ కష్టపడుతున్నారు. యాగొద క్యాబేజీ చుట్టల గిన్నె పట్టుకుని ప్రతి చప్పుడుకీ గుమ్మం వైపు తిరుగుతోంది.

బయట కారు ఆగింది. విటోమిర్ లోపలికి వచ్చాడు. టోపీ తీసి, కొవ్వొత్తికి దణ్ణం పెట్టి, తీపి గోధుమలు ఒక చెంచా తిని, "ఇంటి పండగ శుభమగు గాక" అన్నాడు.

"రా" అన్నాడు జివాదిన్. పొమ్మనడానికి లేదు కాబట్టి.

"కారు తెచ్చాను. ప్లోచ కొండ రెండుసార్లు ఎక్కించి మరీ తెచ్చాను. ముల్లు కదల్లేదు. ఇదిగో తాళం."

"అలాగా. ఏముందట మరి?"

చెంచాలు ఆగిపోయాయి. గోడ దగ్గర రాకియా సీసా పట్టుకుని రాంకో నిలబడి ఉన్నాడు. తుప్పు పట్టిందని అంటాడేమో అనుకున్నాడు. కానీ వడగట్టిన వాన నీళ్లు తాగే కారులో తుప్పంటే జివాదిన్ నమ్మడు. నమ్మకపోతే తవ్వుతాడు. విటోమిర్ అది ముందే ఆలోచించుకుని వచ్చాడు.

"గుడ్డ" అన్నాడు. "పంపు మార్చినప్పుడు చేతులు తుడుచుకున్న గుడ్డ పేలిక గొట్టంలో మర్చిపోయాను. నాదే తప్పు కూమా. నువ్వన్నది నిజమే. వయసు."

ముందు ఎవరో పక్కున నవ్వారు, ఆపైన అందరూ. "పేలిక ఒక్కటేనా, చొక్కా కూడా వదిలేశావా?" "మా ట్రాక్టర్లో నీ టోపీ ఉందేమో వెతకాలి!" జివాదిన్ కూడా నవ్వాడు. లేచి వచ్చి విటోమిర్‌ని కౌగలించుకుని మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడు.

"ఒప్పుకున్నావు, అది చాలు. కూర్చో కూమా, తిను. రాంకో, పొయ్యి ఆయనకి! ఆ, ఇంకో మాట." జేబులోంచి తాళం తీశాడు. "ఇక మీదట కారు నువ్వే నడుపు. దానికి కీడు చెయ్యనివాడు నువ్వొక్కడివే."

రాంకో సీసా కింద పెట్టాడు. ఇంతకాలం కదలని నాలుక దానంతటదే కదిలింది.

"నేనే చేశాను."

"ఏంటి?"

"కారు. గుడ్డా లేదు, ఏమీ లేదు. వాగులో దింపాను మావయ్యా. రాయి తగిలింది. రేడియేటర్ కారితే మొక్కజొన్న పిండి పోశాను. నాలుగు గుప్పెళ్లు. అది సంకటయింది."

తర్వాత ఆ గది ముందెన్నడూ లేనంతగా నవ్వింది. బల్లలు గుద్దారు. "జున్నుతోనా, మీగడతోనా?" అని ఓ మూల నుంచి. "గరిటె ఎవరు తిప్పారయ్యా?" అని ఇంకో మూల నుంచి. దెసంక నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"నిజం! నిజం చెప్తున్నాను!"

జివాదిన్ నవ్వలేదు. ఆయన కళ్లు తడిశాయి. అల్లుడి తలని రెండు చేతులా పట్టుకుని అందరివైపూ తిప్పాడు. "చూశారా? కూమ్‌ని నలుగురూ ఎగతాళి చేస్తే చూడలేక తన నెత్తిన వేసుకుంటున్నాడు. వీణ్ణి ఇల్లరికపోడు అన్నవాడెవడో ఇప్పుడు అనమనండి!"

"కూమా" అన్నాడు రాంకో. "నువ్వు చెప్పు. నిజమేంటో చెప్పు."

అందరూ విటోమిర్ వైపు తిరిగారు. ఎదురుగా యాగొద నిలబడి ఉంది, మొహం ఆనందంతో వెలిగిపోతోంది. విటోమిర్ ఆమె వైపు చూశాడు.

"నేను చెప్పాల్సింది చెప్పాను" అన్నాడు. "తల్లీ, ఆ రొట్టె ఇటు అందుకో."

*

చీకటి పడకముందే విటోమిర్ లేచాడు. కూమ్‌ని కారులో దింపి రమ్మన్నాడు జివాదిన్. తాళం తనే రాంకో జేబులో వేసి పైన తట్టాడు.

కారు ఊరి మధ్యకి వచ్చింది. ఇంజన్ మెత్తగా నడుస్తోంది. ముల్లు ఉండాల్సిన చోట ఉంది.

"నేనే చెప్పమన్నాను కదా" అన్నాడు రాంకో చివరికి. "ఎందుకు చెప్పలేదు?"

"యాగొద మీద ఒట్టు. పెట్టించడం నీ చేతిలో పని. తీయడం కాదు. ఆ పిల్ల నా కళ్లెదురుగా నిలబడి ఉంటే ఎలా తప్పుతాను?"

"రేపు మళ్లీ చెప్తాను. ఒక్కొక్కళ్లకీ చెప్తాను."

"చెప్పు." విటోమిర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నిన్న చెప్పి ఉంటే తిట్టేవాళ్లు, నమ్మేవాళ్లు. ఇవాళ్టితో మంచివాడివైపోయావు రాంకో. ఇక నిన్నెవరూ నమ్మరు."

"షెడ్డు తీస్తావుగా సోమవారం?"

"ఎవరి కోసం?" అన్నాడు విటోమిర్. ఆ మాటలో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు.

ఇంటి ముందు ఆగేసరికి పక్కింటి స్తామెంక గేటు దగ్గర ఆకులు ఊడుస్తోంది. కబురు వాళ్లకంటే ముందే చేరింది.

"ఏం విటోమిర్, పేలిక దొరికిందట! మా ఇంట్లో దుప్పటి కూడా కనబడట్లేదు, ఏ ఇంజన్లో పెట్టావో కాస్త గుర్తు చేసుకో!"

విటోమిర్ నవ్వి, టోపీ ఎత్తి, "వెతుకుతాలే" అన్నాడు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

రాంకో కారు దిగాడు. స్తామెంక దగ్గరికి వెళ్లి నిలబడి, పూస గుచ్చినట్టు అంతా చెప్పాడు. ఫుట్‌బాల్ దగ్గర మొదలుపెట్టి వాగు, రాయి, పిండి, కఫానాలో తాగిన గ్లాసు, షెడ్డులో చొక్కా పట్టుకుని బతిమాలడం, అడిగి వేయించుకున్న ఒట్టు, ఏదీ దాచలేదు. ఆమె చీపురు మీద గడ్డం ఆనించి ఒక్కసారి కూడా నవ్వకుండా చివరి దాకా వింది. తర్వాత ముంగట కట్టుకున్న గుడ్డకి చెయ్యి తుడుచుకుని అతని చెంప నిమిరింది.

"ఎంత మంచి మనసు నాయనా నీది. మాకూ ఉన్నాడు ఓ అల్లుడు."

రాంకో చెంప పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. లాగి కొట్టి ఉంటే అంత మండేది కాదు.